బంతి అని బొమ్మ చూపిస్తే

“పేరు పెట్టి పిలవగానే మా టామీ పరిగెత్తుకొస్తుంది. దానికి నిజంగా మాట అర్థమవుతుందా?” అని ఒక పాఠకురాలు అడిగారు.

పేరు వరకైతే సందేహం అక్కర్లేదు. చుట్టూ జనం మాట్లాడుకుంటున్నా, పిలిచేది కొత్త గొంతైనా కుక్క తన పేరును పోల్చుకోగలదని 2019లో అమెరికాలో తేలింది. అయితే అది పిలుపే. బంతి, బొమ్మ లాంటి వస్తువుల పేర్ల దగ్గరే అసలు చిక్కు. జర్మనీలోని రికో అనే కుక్కకి 200కు పైగా, అమెరికాలోని చేజర్ అనే కుక్కకి 1,022 వస్తువుల పేర్లు వచ్చేవి. కానీ అవి అరుదైన కుక్కలు. మామూలు కుక్కను “బంతి తే” అంటే తేవచ్చు, తేకపోవచ్చు. తేకపోతే తెలియనట్టేనా?

పోనీ తెచ్చినా నమ్మడం కష్టమే. బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలడిగితే గిట్టతో తట్టి జవాబు చెప్పేది. 1904లో పెద్దలు కమిటీగా కూర్చుని పరీక్షించి, మోసమేమీ లేదన్నారు. అడిగేవారికే జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియడం లేదని ఆ తర్వాత ఆస్కార్ ఫంగ్‌స్ట్ అనే పరిశోధకుడు పట్టుకున్నాడు. సరైన అంకె రాగానే అడిగేవారి తల రవ్వంత కదిలేది. హాన్స్ చూసింది దాన్నే!

అందుకే 2024లో బుడాపెస్ట్ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగమంటే నాకంత ముచ్చట. 18 కుక్కల తలలకు ఎలక్ట్రోడ్లు అంటించారు. ఏమీ తెమ్మనలేదు. యజమాని గొంతులో ఒక వస్తువు పేరు వినిపించి, ఆపైన అద్దం వెనక నుంచి వస్తువును చూపించారు. ఒకసారి చెప్పిన వస్తువే, ఇంకోసారి వేరేది.

ఆ ఎలక్ట్రోడ్లతో ఏం వెతికారో తెలియాలంటే “ఇడ్లీని కొబ్బరి చెప్పులో ముంచుకు తిన్నాడు” అన్న వాక్యం చదవండి. “చెప్పు” దగ్గర మనసు తడబడుతుంది కదా? ఆ క్షణాన, సెకనులో సుమారు పదింట నాలుగు వంతులు గడిచేసరికి, మన మెదడులో ఒక విద్యుత్తరంగం కనిపిస్తుంది. 1980లో కుటాస్, హిల్‌యార్డ్ అనే శాస్త్రవేత్తలు దాన్ని గుర్తించారు. బంతి అని చెప్పి మరొకటి చూపిస్తే కుక్కల మెదడులోనూ అలాంటి తేడాయే కనబడింది!

అంటే వస్తువు కనబడకముందే, మాట వినగానే, దాని రూపు కుక్క మనసులో మెదిలిందన్నమాట. లేకపోతే వేరేది చూసి మెదడు ఉలిక్కిపడడమెందుకు? బాగా తెలిసిన మాటలకు ఈ తేడా మరింత గట్టిగా కనిపించింది. పైగా బోలెడన్ని పేర్లు తెలిసిన కుక్కలకే ఇది పరిమితం కాలేదు.

ఇక కుక్క అరుపుల్ని మన భాషలోకి మారుస్తామనే యాప్‌లకు దీన్ని సాక్ష్యంగా తెస్తే నేనొప్పుకోను. ఇక్కడ పరీక్షించింది కుక్క వినికిడిని, దాని అరుపుని కాదు.