బొమ్మలు వద్దన్నవాళ్ల కుర్చీలు బొమ్మలకెక్కాయి

అమెరికాలో షేకర్లనే క్రైస్తవ శాఖ ఒకటుంది. 1774లో ఆన్ లీ అనే ఆవిడ ఎనిమిదిమంది అనుచరులతో ఇంగ్లండు నుంచి వచ్చి న్యూయార్క్‌లో ఓడ దిగడంతో అక్కడ వాళ్ల కథ మొదలైంది. పెళ్లిళ్లు లేవు, ఆస్తి అందరిదీ. 1845లో రాసుకున్న కట్టుబాట్ల ప్రకారం గోడలకు బొమ్మలు తగిలించకూడదు. మంచాలకు వేయాల్సిన రంగూ అందులోనే రాసి ఉంది: ఆకుపచ్చ!

మరి ఆ గోడలకు ఏం తగిలించేవారు? కుర్చీలు. గది చుట్టూ గోడకు ఒక చెక్కపట్టీ, దానికి వరసగా చిలక్కొయ్యలు. కుర్చీలన్నీ ఎత్తి వాటికి తగిలిస్తే ఊడవడానికి నేలంతా ఖాళీ. కూర్చునేచోట దుమ్ము పడకుండా వాటిని తలకిందులుగా వేలాడదీసేవారు. అలా ఎత్తి తగిలించాలంటే కుర్చీ తేలిగ్గా ఉండాలి కదా! మనకింత ముచ్చటగా కనిపించే ఆ సన్నటి కాళ్లు, వీపుకు ఆనే పల్చటి అడ్డబద్దలు అలాంటి అవసరాలు చెక్కినవే. వెనక్కి వాలినప్పుడు నేల గీసుకుపోకుండా కొన్ని కుర్చీల వెనక కాళ్ల అడుగున అటూ ఇటూ ఒరిగే చిన్న బిళ్ల ఉండేది. దాన్ని లోహంతో చేసే పద్ధతికి 1852లో పేటెంటు కూడా వచ్చింది.

ఈ అందాన్ని మనసారా పట్టుకున్న చిత్రకారుడు చార్లెస్ షీలర్. ఆయనకు పేరు తెచ్చినవి ఫ్యాక్టరీల బొమ్మలు, ఇంట్లో పోగుచేసుకున్నది షేకర్ సామాను. 1931లో గీసిన ‘అమెరికానా’లో షేకర్ బల్ల, బెంచీలు పైనుంచి చూసినట్టు కనిపిస్తాయి. మనిషి జాడ లేదు. అయినా గది నిండుగా ఉంటుంది! అక్కర్లేని గీత ఒక్కటీ లేకపోవడం యంత్రంలోనూ బల్లలోనూ ఆయనకు ఒకేలా నచ్చిందనిపిస్తుంది. ఆ చిత్రం న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది.

1930లలో ఆర్థిక మాంద్యం వేళ అమెరికా ప్రభుత్వం పనిలేని చిత్రకారులకు పని ఇచ్చి, పాతకాలపు వస్తువుల బొమ్మలు వేయించింది. సుమారు 18,000 చిత్రాలు వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీకి చేరాయి. షేకర్ కుర్చీలు, బీరువాలు వాటిలో ఎన్నో.

ఇంతకీ షేకర్లు బొమ్మలు వేయనేలేదా? వేశారు. దైవం చూపించిందని నమ్మిన దృశ్యాలను కాగితాల మీద గీసి, గోడకెక్కించకుండా దాచుకున్నారు. వాటిలో పేరుపడ్డది హానా కహూన్ 1854లో గీసిన ‘జీవవృక్షం’, గళ్లగళ్ల ఆకులతో, గుండ్రటి పండ్లతో. చాలామంది తమ పేరు కనబడనివ్వకపోయినా, చూసిందీ గీసిందీ తానేనని ఆమె సంతకం చేసింది. పక్కనే తన వయసూ రాసింది: 66.