ఆవో మీటరు అబద్ధమాడిందా?

రేడియో మరమ్మతు తెలిసిన పెద్దలున్న ఇండ్లలో అటక మీద ఒక నల్లని, బరువైన పెట్టె ఇంకా ఉండవచ్చును. పైన తోలు పట్టీ, అద్దం వెనుక సన్నని ముల్లు, కింద రెండు గుండ్రని స్విచ్చులు. అదే ఆవో మీటరు. ఆంపియర్లు, వోల్టులు, ఓములు – ఈ మూడింటి ఇంగ్లీషు మొదటి అక్షరాలే దాని పేరు. బ్రిటిషు తపాలా శాఖ ఇంజనీరు డొనాల్డ్ మకాడీ, ఒక్కొక్క కొలతకు ఒక్కొక్క పరికరం మోయలేక దీనిని కల్పించాడు. మొదటిది 1923లో వచ్చింది. మా నాన్నగారి దగ్గర ఉన్న ఎనిమిదో నమూనా 1951లో మొదలై 2008 వరకు తయారయింది.

నాన్నగారు పోయాక వారి వాల్వు రేడియోను బాగుచేయబోయాను. సర్క్యూటు పటంలో 40 వోల్టులని ఉన్నచోట నా కొత్త డిజిటల్ మీటరు 48కి దగ్గరగా చూపింది. లోపం అక్కడే అనుకొని రెండు రెసిస్టర్లు పీకి, కొత్తవి అతికించాను. మళ్లీ అదే 48! విసిగి, నాన్నగారి ఆవోను దించి పెట్టాను. ముల్లు 40 దగ్గర నిలిచింది.

ఇంతకూ అబద్ధమాడింది ఏది? రెండూ కాదు. అక్కడ 100 వోల్టులకు అడ్డంగా పది లక్షల ఓముల రెసిస్టర్లు రెండు వరుసగా ఉన్నవి. మీటరు తగలనప్పుడు నడుమ 50 వోల్టులు ఉండవలె. కాని మీటరు కూడా కొంత కరెంటు తాగుతుంది గదా! ఆవో ఎనిమిది వోల్టుకు 20,000 ఓముల లెక్క; 100 వోల్టుల మెట్టులో 20 లక్షల ఓములు. అందుచేత 50 కాస్తా 40కి దిగుతుంది. డిజిటల్ మీటరు కోటి ఓములది గనుక కొద్దిగానే దించుతుంది. పటం అడుగున, 20,000 ఓముల మీటరుతో కొలిచినవని చిన్న అక్షరాలలో ఉన్నది. చదవనిది నేనే. మంచి రెసిస్టర్లు రెండు చెత్తలో పడ్డవి.

ఇంట అట్టి మీటరున్నవారు ముందుగా వెనుక ఉన్న బ్యాటరీలను తీసివేయండి. అవి కారితే లోపలి రాగి, ఇత్తడి పచ్చబడి చెడుతవి. బ్యాటరీ ఓములు కొలవడానికే కావలె, వోల్టులకు అక్కరలేదు. 15 వోల్టులది దొరకకపోతే, 12 వోల్టుల చిన్న బ్యాటరీకి ఒకటిన్నర వోల్టుల గుండీ సెల్లులు రెండు వరుసగా కలుపుకోవచ్చును. ముల్లు సున్న మీద లేకుంటే ముందు మర సవరించి, కొత్త సెల్లు ఒకటి కొలిచి చూడండి. తీగల రబ్బరు బీటలిస్తే మార్చివేయండి.

ఓముల మెట్టులో ఉంచి కరెంటున్న చోట ఎన్నడూ తాకించవద్దు. కరెంటు మితిమీరితే మీటరు మీది బొత్తాం పైకి లేచి దారి తెంచుతుంది. అది మీటరును కాచేందుకే గాని, మనలను కాదు. రేడియో ఆపినా కండెన్సర్లలో విద్యుత్తు మిగిలి ఉండవచ్చు. కొన్ని పాత సెట్లలో ఇనుప చట్రానికే కరెంటు ఉంటుంది. పని తెలిసినవారిని దగ్గర ఉంచుకోనిదే మూత తీయకండి.

ఆ రేడియోలో అసలు లోపం, కారిపోయిన ఒక కండెన్సరు. దానిని మార్చాక సాయంకాలం పాట వినిపించింది. అమ్మ వంటింట్లోనుంచి వచ్చి, చాలాసేపు ఏమీ మాట్లాడకుండా దాని దగ్గర కూర్చున్నది.