కాలిపోయిన ఇన్వర్టర్, బతికున్న ఇంజిన్

అమెరికా సైన్యం తనకు అక్కర్లేని సామగ్రిని వదిలించుకోవడానికి ఒక ప్రత్యేక విభాగాన్నే నడుపుతోంది. దాని ప్రధాన కార్యాలయం మిషిగన్ రాష్ట్రంలోని బ్యాటిల్ క్రీక్‌లో ఉంది. ఆ దారిలో వేలానికొచ్చే యంత్రాల్లో ఎంఈపీ-831ఏ ఒకటి. 3 కిలోవాట్ల డీజిల్ జనరేటర్, బరువు దాదాపు 150 కిలోలు. ఊరికి దూరంగా ఇల్లు కట్టుకున్నవాళ్లు, హామ్ రేడియో అభిమానులు దీన్ని ఇష్టపడి కొంటారు. వాళ్లకు తరచుగా ఎదురయ్యే చిక్కు కూడా ఒకటే: ఇంజిన్ చక్కగా స్టార్టవుతుంది, కరెంటు మాత్రం రాదు. మూత తీస్తే కాలిన వాసన. ఇన్వర్టర్ పోయిందని తేలగానే చాలామంది మొత్తం యంత్రాన్నే తుక్కు కింద జమకడతారు. అది అన్యాయం.

ఈ యంత్రం పుట్టుక వెనుక ఇంధనం కథ ఉంది. యుద్ధరంగానికి పెట్రోలు వేరుగా, డీజిల్ వేరుగా మోయడం సైన్యానికి పెద్ద భారం. విమానాలకూ ట్యాంకులకూ జనరేటర్లకూ జేపీ-8 అనే కిరోసిన్ జాతి ఇంధనం ఒక్కటే వాడాలన్న విధానాన్ని 1980ల చివర్లో అమెరికా రక్షణ శాఖ చేపట్టింది. దాంతో చిన్న పెట్రోలు జనరేటర్లకు కాలం చెల్లింది. వాటి స్థానంలో చప్పుడు తక్కువగా ఉండే కొత్త డీజిల్ కుటుంబం వచ్చింది. అందులో అన్నిటికన్నా చిన్నది ఇదే. దీనికి అమర్చింది ఒంటి సిలిండర్ యాన్మార్ ఇంజిన్. 1933లోనే చిన్న డీజిల్ ఇంజిన్‌ను వాడుకలోకి తెచ్చిన జపాన్ కంపెనీ అది. గాలితోనే చల్లబడే ఈ ఇంజిన్ మొండిది, ఏళ్లు పక్కన పడేసినా సాధారణంగా తిరిగి లేస్తుంది.

మరి ఇన్వర్టర్ ఎందుకు పెట్టారు? మామూలు జనరేటర్‌లో ఫ్రీక్వెన్సీ ఇంజిన్ వేగానికి కట్టుబడి ఉంటుంది. అమెరికాలో వాడే 60 హెర్ట్జ్ కావాలంటే రెండు ధ్రువాల ఆల్టర్నేటర్ నిమిషానికి 3600 చుట్లు తిరగాలి, నాలుగు ధ్రువాలదైతే 1800. మన 50 హెర్ట్జ్‌కైతే 3000, 1500. ఇదే కుటుంబంలోని 5, 10 కిలోవాట్ల అన్నలు ఈ పాత సూత్రం మీదే నడుస్తాయి. చిన్నదానిలో మాత్రం శాశ్వత అయస్కాంతాల ఆల్టర్నేటర్ పెట్టి, అది ఇచ్చే ఏసీని డీసీగా మార్చి, ఆ డీసీ నుంచి కావలసిన ఏసీని మళ్లీ తయారు చేస్తారు. వీధి కుళాయి నీళ్లు సంపులో నింపుకుని మోటారుతో పైకి తోసుకున్నట్టన్నమాట: వచ్చే ధార ఎలా ఉన్నా పైకెళ్లే ధార మన చేతిలో ఉంటుంది. బరువు తగ్గుతుంది. పైగా ఇన్వర్టర్ మారిస్తే సైనిక పరికరాలు కొన్నిటికి కావలసిన 400 హెర్ట్జ్ కూడా వస్తుంది, ఎంఈపీ-832ఏ అలాంటిదే.

ఈ తరహా ఇన్వర్టర్లలో డీసీని ముక్కలుగా కోసి తరంగంగా మలిచే స్విచ్చు ఐజీబీటీ. దాన్ని 1980 ప్రాంతంలో జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనశాలలో రూపొందించినవాడు మద్రాసులో పుట్టి, మద్రాసు ఐఐటీలోనే చదివిన బి. జయంత్ బాలిగా. మెట్రో రైళ్ల నుంచి ఇన్వర్టర్ ఏసీల దాకా ఇవాళ నడుస్తున్నది ఈ స్విచ్చు మీదే.

దాని బలహీనత కూడా తెలుసుకోవాలి. మోటారు స్టార్టయ్యేటప్పుడు మామూలుకన్నా అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. రాగి చుట్ల ఆల్టర్నేటర్ ఆ భారాన్ని కొన్ని సెకన్లపాటు ఓర్చుకోగలదు. ఐజీబీటీ నేరుగా షార్టయితే దానికున్న గడువు సుమారు 10 మైక్రోసెకన్లు. సైన్యంలో ఈ జనరేటర్ ఎక్కువగా నడిపింది రేడియోలనూ లైట్లనూ. కొత్త యజమాని బావి మోటారు తగిలిస్తాడు. కాపలా సర్క్యూట్లు ఉంటాయి, కానీ పాతబడిన బోర్డులో అవీ అలసిపోయి ఉంటాయి. రెండో శత్రువు నిల్వ. ఏళ్లపాటు వాడకుండా ఉన్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌లో ఆక్సైడు పొర బలహీనపడుతుంది. గోదాములోంచి తెచ్చిన రోజే పూర్తి వోల్టేజీ ఎక్కిస్తే అది పేలవచ్చు. రెసిస్టర్ ద్వారా మెల్లమెల్లగా వోల్టేజీ పెంచితే పొర మళ్లీ కుదురుకుంటుంది.

ఇక మరమ్మతు. మొదట ఇన్వర్టర్‌ను విడదీసి, ఆల్టర్నేటర్ వైండింగులన్నీ సమానంగా వోల్టేజీ ఇస్తున్నాయో లేదో చూడాలి. ఇక్కడ జాగ్రత్త: శాశ్వత అయస్కాంతాలకు ఆపే మీట ఉండదు. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ ఆ తీగల్లో ప్రాణాంతకమైన వోల్టేజీ ఉంటుంది. ఇంజిన్ ఆగాక కూడా కెపాసిటర్లలో మిగులుతుంది. 240 వోల్టుల తరంగం శిఖరమే 339 వోల్టులు, కాబట్టి లోపలి డీసీ దాదాపు అంతకు తగ్గదనుకోవాలి. రెసిస్టర్‌తో డిశ్చార్జి చేసి, మీటరుతో సున్నా చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి.

సైనిక బోర్డుల మీద తేమ చొరబడని పూత ఉంటుంది. అక్రిలిక్ అయితే ద్రావకానికి కరుగుతుంది, ఎపాక్సీ అయితే ఓపిగ్గా గీకాలి. మల్టీమీటర్ డయోడ్ మోడ్‌లో పోయిన స్విచ్చు ఇట్టే దొరుకుతుంది, దాదాపు ఎప్పుడూ షార్టయి ఉంటుంది. కొత్తది వేసి ఇంజిన్ తిప్పేస్తే అది క్షణంలో పోతుంది. ఎందుకంటే కాలిన స్విచ్చు చాలాసార్లు బాధితురాలే. దాని గేటుకు ఆజ్ఞలిచ్చే డ్రైవర్, చిన్న రెసిస్టర్లు, ఆ డ్రైవర్‌కు కరెంటిచ్చే చిన్న కెపాసిటర్లు చూడాలి. పై స్విచ్చు, కింది స్విచ్చు ఒకేసారి ఆన్ అయితే డీసీ నేరుగా షార్టవుతుంది. అలా కాకుండా మధ్యలో ఉంచే చిన్న విరామం దెబ్బతింటే ఎన్ని స్విచ్చులు మార్చినా వృథా. బోర్డు నల్లగా మాడిన చోట కూడా కనికరం పనికిరాదు. బొగ్గు కరెంటును పంపుతుంది, శుభ్రమైన ఫైబర్ కనిపించేదాకా చెక్కెయ్యాలి.

తర్వాత కంట్రోలు భాగానికి మాత్రమే కరెంటిచ్చి, గేట్ల దగ్గర పల్సులు ఆసిల్లోస్కోపులో చూడాలి. అవి సవ్యంగా ఉంటేనే ప్రధాన డీసీ వైపు 30 వోల్టుల బెంచి సప్లైని, కరెంటు పరిమితి పెట్టి ఇవ్వాలి. కొన్ని బోర్డులు ఇంత తక్కువ వోల్టేజీ చూసి తమంతట తామే ఆగిపోతాయి. నడిచేవాటిలో బుల్లి సైన్ తరంగం కనిపిస్తుంది. ఆపైన సీరీస్ బల్బు పెట్టి మెట్టుమెట్టుగా వోల్టేజీ పెంచడమే. బల్బు ధగధగా వెలిగిందంటే ఇంకా ఎక్కడో షార్టుంది.

ఇన్వర్టర్‌ను ఇంజిన్‌కు కలిపాక మొదట రూమ్ హీటర్ల లాంటి లోడు పెట్టాలి. వాటికి స్టార్టింగ్ దెబ్బ ఉండదు. పైగా లోడు లేకుండా గంటలు తిరిగితే డీజిల్ ఇంజిన్‌లో కాలని ఇంధనం, మసి పేరుకుంటాయి. సగం లోడు మీద రెండు గంటలు నడిపి హీట్ సింక్ ఎంత వేడెక్కిందో కొలిచి, అది నిలకడపడితే పూర్తి లోడుకు వెళ్లాలి. బావి మోటారును అన్నిటికన్నా చివర్న, అదీ సాఫ్ట్ స్టార్టర్ పెట్టి తగిలించాలి.