అరివు: ‘ఈ పాట ఎవరిది?’ అన్న ప్రశ్న వదలని ర్యాపర్

2022 జులై 28. చెన్నై నెహ్రూ ఇండోర్ స్టేడియంలో 44వ చెస్ ఒలింపియాడ్ ప్రారంభోత్సవం జరుగుతోంది. ప్రధాని, తమిళనాడు ముఖ్యమంత్రి హాజరైన ఆ వేడుకలో ‘ఎంజాయ్ ఎంజామి’ పాట మోగింది. గాయని ధీ, జానపద గాయని కిడాక్కుళి మారియమ్మాళ్ కలిసి పాడారు. ఆ పాట రాసి, ధీతో కలిసి పాడి దాన్ని దేశమంతా వినిపించిన అరివు మాత్రం వేదిక మీద లేరు. ఆ సమయంలో ఆయన అమెరికాలో ఉన్నారు.

కొద్ది రోజులకే అరివు ఇన్‌స్టాగ్రామ్‌లో స్పందించారు. పాట రాసింది, బాణీ కట్టింది, పాడింది తానేనని, తనకు ఎవరూ ఒక ట్యూన్ గానీ ఒక్క మాట గానీ ఇవ్వలేదని చెప్పారు. సంగీత దర్శకుడు సంతోష్ నారాయణన్, ధీ వేర్వేరుగా జవాబిచ్చారు. పాట ముగ్గురి శ్రమ ఫలితమని, హక్కులు, ఆదాయం ముగ్గురికీ సమానమని సంతోష్ వివరించారు.

పైకి ఇది పేరు కోసం కళాకారుల మధ్య జరిగిన గొడవలా కనిపిస్తుంది. అరివు సంగీతం ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే, గొడవ అంతకంటే పాతదని అర్థమవుతుంది.

అరక్కోణం కుర్రాడు

తిరుపతి నుంచి చెన్నైకి రైల్లో వెళ్లేవారికి అరక్కోణం జంక్షన్ తెలిసే ఉంటుంది. అరివు అసలు పేరు అరివరసు కలైనేశన్, ఊరు ఈ అరక్కోణమే. అంబేడ్కర్ భావాలున్న దళిత కుటుంబంలో పెరిగారు. ఇంజనీరింగ్ చదివారు. కవిత్వం రాయడంతో మొదలై ర్యాప్ వైపు వచ్చారు.

మలుపు తెచ్చింది ‘ద క్యాస్ట్‌లెస్ కలెక్టివ్’ బృందం. దర్శకుడు పా. రంజిత్, సంగీతకారుడు టెన్మా కలిసి కట్టిన ఈ బృందం 2018 జనవరిలో చెన్నై కిల్పాక్‌లో తొలి కచేరీ చేసింది. 19వ శతాబ్దపు దళిత మేధావి అయోతీదాస్ పండితర్ వాడిన ‘కులం లేని తమిళులు’ అన్న మాట నుంచి ఈ పేరు తీసుకున్నారు. ఉత్తర చెన్నై బస్తీల్లో పుట్టిన గానా పాట, పఱై డప్పు, రాక్ గిటార్, ర్యాప్ ఒకే వేదికనెక్కాయి. రిజర్వేషన్ల మీద, గొడ్డు మాంసం మీద పాటలు వినిపించాయి.

అదే ఏడాది రజనీకాంత్ ‘కాలా’లో అరివు పాట రాశారు. 2019లో నిర్మాత ఆఫ్రోతో కలిసి ‘తెరుక్కురల్’ ఆల్బమ్ తెచ్చారు. తమిళంలో ‘తెరు’ అంటే వీధి, ‘కురల్’ అంటే గొంతు. ‘తిరుక్కురళ్’ గుర్తొచ్చేలా పెట్టిన పేరిది. తూత్తుకుడి పోలీసు కాల్పుల్లో చనిపోయిన అమ్మాయి మీద కూడా అందులో పాట ఉంది.

ఒప్పారి, ర్యాప్ ఎలా కలిశాయి?

ఒప్పారి అంటే చావు ఇంట్లో ఆడవాళ్లు రాగం తీసి పాడే శోకం. మన ఊళ్లలో శోకాలు పెట్టడం లాంటిదే. పోయినవారి గుణగణాలు, వదిలేసి వెళ్లిన పిల్లలు, తీరని అప్పులు, పడిన అవమానాలు అన్నీ అందులో వస్తాయి. కాగితం మీద రాసి పాడేది కాదు, నోటికి వచ్చినట్టు అల్లుకుంటూ పోతారు. ర్యాప్‌కు కూడా మూలం ఇలా మాటను లయలో పెట్టి అప్పటికప్పుడు అల్లడమే. కాబట్టి అరివు ఈ రెండింటినీ కలపడం ఫ్యాషన్ కోసం చేసిన ప్రయోగం కాదు. ఇంట్లో విన్నదాన్నే ఆయన మైక్ ముందుకు తెచ్చారు.

ఆ ఇంట్లోని గొంతు ఆయన అమ్మమ్మ వల్లియమ్మాళ్‌ది. ఆమె శ్రీలంక తేయాకు తోటల్లో పనిచేశారు. బ్రిటిష్ కాలంలో కూలీలుగా వెళ్లిన తమిళుల్లో అత్యధికుల్ని 1948 నాటి సిలోన్ చట్టం ఏ దేశ పౌరులూ కాకుండా చేసింది. 1964 అక్టోబరులో కుదిరిన సిరిమావో-శాస్త్రి ఒప్పందం ప్రకారం వారిలో 5,25,000 మందిని భారత్ తీసుకోవాలి, 3,00,000 మందికి సిలోన్ పౌరసత్వం ఇవ్వాలి. తరాలుగా తోటలు పెంచినవాళ్లు సెంటు భూమి లేకుండా తిరిగొచ్చారు. వల్లియమ్మాళ్ వారిలో ఒకరు.

2021 మార్చిలో విడుదలైన ‘ఎంజాయ్ ఎంజామి’ ఆ కథే. వీడియోలో ఆమె కూడా కనిపిస్తారు. హుషారుగా వినిపించే ఆ పాటలో నాటినవాళ్లకు నేల దక్కలేదన్న దుఃఖం ఉంది. యూట్యూబ్‌లో దాన్ని 40 కోట్ల సార్లకు పైగా చూశారు.

పేరు ఎక్కడ జారిపోయింది?

2021 ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా పత్రిక ముఖచిత్రం మీద ధీ, కెనడా తమిళ ర్యాపర్ షాన్ విన్సెంట్ డి పాల్ కనిపించారు. ‘ఎంజాయ్ ఎంజామి’, ‘సార్పట్ట పరంపర’లోని ‘నీయే ఒళి’ పాటల విజయం నేపథ్యంలో వచ్చిన ముఖచిత్రమది. రెండు పాటల రచనలోనూ ఉన్న అరివును మళ్లీ కనిపించకుండా చేశారని పా. రంజిత్ బహిరంగంగా విమర్శించారు. తర్వాత ఆ పత్రిక అరివుతో డిజిటల్ ముఖచిత్రం తెచ్చింది. ఏడాది తిరిగేసరికి చెస్ ఒలింపియాడ్ వివాదం వచ్చింది.

చట్టం ఏమంటోంది?

1957 కాపీరైట్ చట్టం దృష్టిలో పాట ఒకే వస్తువు కాదు. మాటలు సాహిత్య రచన, బాణీ సంగీత రచన, రికార్డింగ్ మూడోది. పాడినవారికి విడిగా హక్కులుంటాయి. 2012 సవరణతో రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాను నిర్మాతకు రాసిచ్చేయడానికి వీల్లేకుండా పోయింది.

సినిమా పాటకు ఈ విభజన సరిపోతుంది. సంగీత దర్శకుడు ట్యూన్ ఇస్తారు, కవి మాటలు పొదుగుతారు. ర్యాప్‌లో అలా కాదు. బీట్ ఒకరిదే అయినా, దాని మీద మాట ఎక్కడ పరుగెత్తాలో, ఎక్కడ ఆగాలో, ఎక్కడ రాగం తియ్యాలో ర్యాపరే తేలుస్తాడు. మాటా బాణీ ఒకే నోట పుడతాయి. మరి అతను రచయితా, స్వరకర్తా? ఇంకోవైపు, సంతోష్ కూర్చిన వాద్యాలు, ధీ గొంతు లేకపోతే అది మనం విన్న పాట కాదు. ఇద్దరి వాదనలోనూ నిజం ఉంది.

ఇక ఒప్పారి సంగతికొస్తే చిక్కు మరీ ఎక్కువ. ఎవరు కట్టారో తెలియని శోకానికి చట్టంలో యజమాని లేరు. దాన్ని కొత్తగా మలిచి రికార్డు చేసినవారికే హక్కు దక్కుతుంది. మనకూ ఇది కొత్త కాదు. సరిగ్గా ఆ రోజుల్లోనే, ‘లవ్ స్టోరీ’ సినిమాలోని ‘సారంగదరియా’ మీద జానపద గాయని కోమలి గుర్తింపు కోసం గొంతెత్తారు. రెండు చోట్లా ప్రశ్న ఒకటే. జనం నోట బతికిన పాట మార్కెట్‌కు వచ్చినప్పుడు, దాన్ని మోసుకొచ్చినవారికి దక్కేదేమిటి?

డబ్బు సంగతీ అంతంతమాత్రమే. పాట వచ్చి మూడేళ్లయినా విడుదల చేసిన సంస్థ నుంచి తమ ముగ్గురికీ ఒక్క పైసా అందలేదని 2024 మార్చిలో సంతోష్ నారాయణన్ వీడియోలో చెప్పారు. సమాన వాటాలున్నా, లెక్క చూపించేవారు లేకపోతే ఆ వాటా కాగితం మీదే ఉండిపోతుంది.

వల్లియమ్మ మనవడు

2024లోనే అరివు 12 పాటల ఆల్బమ్ తెచ్చారు. పేరు ‘వల్లియమ్మ పేరాండి’, అంటే వల్లియమ్మ మనవడు. చట్టం గుర్తించే రచయిత అరివే కావచ్చు. కానీ శోకం ఎవరి నుంచి తనదాకా వచ్చిందో ఈసారి శీర్షికలోనే చెప్పేశారు. తేయాకు తోటలో ఎక్కడా పేరు మిగలని ఓ కూలీ పేరు ఇప్పుడు ఆల్బమ్ మీద ఉంది. ఆమె పేరు వేయమని ఈసారి ఎవరినీ అడగాల్సిన పనిలేదు.