ఇంటి కంప్యూటరులో కదలు బొమ్మలు: ఏ భాగమును ముందు మార్చవలెను?



రాయగడ, గుణుపురము, జయపురము, కొరాపుట్ ప్రాంతములలోని మన తెలుగు ఇండ్లలో ఈమధ్య ఒక కొత్త సరదా కనబడుచున్నది. పిల్లలు బడిచదువు కొరకు కొనిన కంప్యూటరు ముందు కూర్చుండి కదలు బొమ్మలు చేయుచున్నారు. అంచులోని చేపను ఈదించుచున్నారు. కొంగును గాలిలో ఎగురవేయుచున్నారు. పెద్దలలో కొందరు దీనిని కాలహరణ మనుచున్నారు. మేము అట్లు అనము. కొనువారు ఈ దినములలో చీరను చేతితో తాకుటకు ముందే టెలిఫోనులో చూచుచున్నారు. మడత విప్పి, కొంగు వాల్చి చూపిన పది సెకనుల బొమ్మ పది మాటలకంటె ఎక్కువ చెప్పును. అయితే ఈ సరదా కొరకు డబ్బు ఎక్కడ పెట్టవలెను, ఎక్కడ పెట్టకూడదు అను సంగతి తెలియక కొన్ని ఇండ్లలో నష్టము వచ్చినది. అందుచేత ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ముందు మేము ఎరిగిన ఒక ఇంటి సంగతి చెప్పెదము. రాయగడ వైపు ఇల్లు, పేరు వ్రాయము. పిల్లవాడు డిగ్రీ మొదటి సంవత్సరము. తల్లి నేసిన అంచును బొమ్మగా గీసి కదిలించవలెనని మొదలుపెట్టినాడు. నాలుగు సెకనుల బొమ్మ అయ్యేసరికి కంప్యూటరు బిగుసుకుపోయినది. బాణపు గుర్తు కూడా కదలలేదు. పట్నములోని ఒక దుకాణములో అడుగగా, “గ్రాఫిక్సు కార్డు వేయించుకో, అన్నీ పరుగెత్తుతాయి” అని చెప్పినారు. దసరాకు నూలు కొనుటకు దాచిన చీటీ డబ్బులో సగము ఆ కార్డుకు పోయినది. తెచ్చి బిగించగా యంత్రము వెలుగుటయే మానినది. డబ్బాలోని పవరు సప్లై ఆ కార్డును మోయలేదు. అది కూడా మార్చినారు. అప్పుడు వెలిగినది గాని, బొమ్మ మరల నాలుగు సెకనుల దగ్గరనే ఆగినది. అసలు లోపము మెమొరీలో ఉన్నది. నూలు లేక పండుగ ముందు రెండు వారములు మగ్గము ఖాళీగా నిలిచినది. “ఒరే, పేక తెగితే పేక అతుకుతాము గాని, దోనె మార్చుతామా?” అని తండ్రి అడిగినారట. పిల్లవాడేమి చెప్పగలడు? వాడికి చెప్పినవారే తప్పు చెప్పినారు.

మెమొరీ ఎందుకు నిండిపోవునో లెక్క వేసి చూతము. గ్రాఫు కాగితముపై బుటా దించుట మనకు తెలియును. ఒక గడి ఒక పోగు. కంప్యూటరు బొమ్మ కూడా అట్టి గడులే. పెద్ద తెరకు సరిపడు బొమ్మలో అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలు, అనగా మొత్తము 20,73,600 చుక్కలు ఉండును. ఒక్కొక్క చుక్కకు నాలుగు బైట్ల చొప్పున ఒక బొమ్మకు సుమారు 83 లక్షల బైట్లు. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు. చేతితో గీయువారు ఒక్కొక్క బొమ్మను రెండు మార్లు చూపి 12తో సరిపెట్టుకొనవచ్చును. పది సెకనులకు 120 బొమ్మలు. అనగా సుమారు వంద కోట్ల బైట్లు, ఒక జీబీ. నేల ఒక పొర, చేప ఒక పొర, నీరు ఒక పొర అని మూడు పొరలు గీసితే మూడు జీబీలు. కొన్ని సాఫ్టువేరులు దీనిని అదిమి పెట్టును గాని, 4 జీబీల ర్యాము ఉన్న యంత్రములో కంప్యూటరు తన సొంత పనికే సగము తినివేయును. మిగిలిన దానిలో ఈ బొమ్మలు పట్టవు. ఆ పిల్లవాని యంత్రము నాలుగవ సెకనులో ఆగుటకు కారణము ఇదియే.

ఈ లెక్కలోనే పైసా ఖర్చులేని మందు కూడా కలదు. టెలిఫోనులో చూచు బొమ్మకు 1920 అక్కరలేదు. 1280కి 720 చాలును. చుక్కలు సగముకంటె తగ్గును, మెమొరీ బరువు కూడా అంతే తగ్గును. ఏ భాగమును కొనుటకు ముందైనను ఈ మార్పు చేసి చూడుడు.

జాకార్డు మగ్గముపై పని చేసినవారికి ఇదంతా కొత్త కాదు. ఫ్రాన్సు దేశములో లియాన్ నగరపు జాకార్డు 1804లో చేసిన యంత్రములో అట్టకు చిల్లు ఉన్నచో పోగు లేచును, లేనిచో లేవదు. ఆ అట్టలను చూచియే ఇంగ్లండులో ఛార్లెస్ బాబేజీ తన లెక్కల యంత్రమునకు అట్టలు ఊహించినాడు. జాకార్డు ముఖమును పట్టులో నేసిన చిత్రపటమొకటి బాబేజీ తన ఇంట ఉంచుకొన్నాడు. దానిని నేయుటకు సుమారు 24,000 అట్టలు పట్టినవట. కంప్యూటరు మన ఇంటికి పరాయిది కాదనుటకు ఇంతకంటె వేరే సాక్ష్యము వలదు.

ఇక పనిలోనికి వత్తము. యంత్రము మొరాయించినప్పుడు దుకాణమునకు పోవుటకు ముందు ఇంటిలోనే పరీక్ష చేయవలెను. విండోసు కంప్యూటరులో కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు మీటలు మూడును కలిపి నొక్కిన టాస్క్ మేనేజరు తెరుచుకొనును. అందులో ప్రాసెసరు, మెమొరీ, డిస్కు, గ్రాఫిక్సు ఒక్కొక్కటి నూటికి ఎంత పనిలో ఉన్నదో అంకెలు కనబడును. బొమ్మల పని సాగుచుండగా దానిని పక్కన తెరచి ఉంచుడు. మెమొరీ 90 దాటి నిలిచినచో ర్యాము చాలలేదు. మెమొరీ ఖాళీగా ఉండి డిస్కు నూటికి నూరు చూపుచున్నచో పాత హార్డు డిస్కు అడ్డము. ఆ రెండును తీరికగా ఉండి ప్రాసెసరు మాత్రము రొప్పుచున్నచో అప్పుడు మిగిలిన సంగతి ఆలోచింపవలెను. మేము చూచిన ఇండ్లలో చాలావరకు లోపము మొదటి రెండింటిలోనే దొరికినది.

ర్యాము కొనునప్పుడు పాత పలకను తీసి చేతితో దుకాణమునకు తీసికొని పోవుడు. డిడిఆర్3, డిడిఆర్4, డిడిఆర్5 అని రకములు కలవు. ఒకదాని గాడిలో మరొకటి పట్టదు. గంటు వేరుచోట ఉండును. ల్యాప్‌టాపు పలక పొట్టిది, బల్ల కంప్యూటరు పలక పొడుగుది. చేతి గీతలకు 8 జీబీలు సరిపోవును. మూడు కొలతల బొమ్మలు చేయువారు 16 చూచుకొనవలెను. విండోసు 32 బిట్ల రకమైనచో ఎన్ని పలకలు పెట్టినను నాలుగు జీబీలు దాటి వాడుకొనదు. ఈ సంగతి ముందే చూడుడు. కొన్ని పలుచని ల్యాప్‌టాపులలో ర్యామును లోపలనే అతికి వేయుదురు. వానికి పెంపు లేదు. మూత విప్పించి డబ్బు పోగొట్టుకొనవద్దు.

తిరుగు హార్డు డిస్కుకు బదులు ఎస్‌ఎస్‌డి పెట్టిన పాత యంత్రము లేచి కూర్చుండును. ఇది మేము కండ్లారా చూచినది. మార్చుటకు ముందు పాత డిస్కులోని బొమ్మలు, ఫోటోలు మరియొక చోటికి ఎక్కించుకొనుడు. పాత డిస్కును పారవేయక దాచుటకు వాడుకొనవచ్చును.

గ్రాఫిక్సు కార్డు చివరిది. బ్లెండరు వంటి సాఫ్టువేరులో వెలుగు నీడలతో మూడు కొలతల చీరను చూపువారికి అది నిజముగా పనికి వచ్చును. గడులలో బుటా గీసి కదిలించువారికి దానితో పని బహు స్వల్పము. కొనుచో డబ్బాలోని పవరు సప్లై ఎన్ని వాట్లది, కార్డుకు ఎన్ని వాట్లు కావలెను, కార్డు పొడవు డబ్బాలో పట్టునా అని మూడును చూచి, మరల తీసికొందురా అని అడిగి, రసీదు పుచ్చుకొని కొనుడు.

ఇప్పుడు మన ఇండ్లకే ప్రత్యేకమైన ఒక శత్రువును గూర్చి. అది పత్తి నూగు. రాట్నము తిరుగు గదిలో, గంజి పెట్టు చోట, గాలిలో నూగు, గంజి పొడి తేలుచుండును. కంప్యూటరు ఫ్యాను దానిని లోనికి లాగుకొనును. ఆరు నెలలలో ఫ్యాను వెనుక రేకుల మధ్య దూది తెట్టె కట్టును. వేడి పోవు దారి లేక ప్రాసెసరు తనంతట తానే నెమ్మదించును. ఇంటివారు యంత్రము పాతబడినదనుకొందురు! కొత్తది కొనవలెనని తలచిన ఒక ఇంటిలో మూత తీసి చూడగా చిన్న కండెకు చాలినంత దూది వచ్చినది. తీగను గోడనుండి పీకి, ఫ్యాను రెక్కను వ్రేలితో కదలకుండ పట్టుకొని, మెత్తని కుంచెతో దులుపుడు. తడిగుడ్డ వాడవద్దు. యంత్రమును మగ్గపు గుంతకు, రాట్నమునకు దూరముగా, నేలకు రెండడుగుల ఎత్తున పెట్టుడు. కొరాపుట్ పీఠభూమిలో వానలు హెచ్చు, చెమ్మ హెచ్చు. ఆ నెలలలో పని లేకున్నను అప్పుడప్పుడు కొంతసేపు నడపుట మేలు.

కరెంటు సంగతి అందరికి తెలిసినదే. మూడు పిన్నుల ప్లగ్గులో భూమి తీగ నిజముగా ఉన్నదో లేదో ఎలక్ట్రీషియనుచే చూపించుడు. నీటి మోటారు, ఇస్త్రీ పెట్టె ఉన్న తీగపై కంప్యూటరు వద్దు. చిన్న యు.పి.ఎస్. గంటల తరబడి నడపదు. పనిని దాచుకొని యంత్రమును ఆపుటకు కావలసిన నిమిషములిచ్చును, అంతే. అందుచేత మూడు కొలతల బొమ్మలు తయారగునప్పుడు ఒక మెలకువ పాటింపవలెను. ఒక బొమ్మకు రెండు నిమిషములైనచో పది సెకనుల 240 బొమ్మలకు ఎనిమిది గంటలు పట్టును. దానిని ఒకే వీడియోగా చేయబోయిన ఏడవ గంటలో కరెంటు పోయినచో మొత్తము పోవును. బ్లెండరులో విడివిడి పిఎన్‌జి బొమ్మలుగా దాచుమని చెప్పి, ఉన్నవానిపై మరల వ్రాయు ఓవర్‌రైట్ గుర్తును తీసివేసినచో, కరెంటు వచ్చిన పిదప ఆగినచోటినుండియే సాగును. ఆ బొమ్మలను తుదకు ఒక వీడియోగా కూర్చుకొనవచ్చును.

సాఫ్టువేరుకు డబ్బు పెట్టవలదు. చేతి గీతలకు క్రిటా, ఇంకను తేలికది పెన్సిల్2డి, మూడు కొలతలకు బ్లెండరు: మూడును ఉచితము. బ్లెండరు మూల వ్రాతను 2002లోనే అందరికి విడుదల చేసినారు. కొత్త బ్లెండరు పాత యంత్రములో తెరుచుకొనకున్న, వెనుకటి కూర్పులు కూడ ఆ సంస్థవారే తమ వద్ద భద్రముగా ఉంచినారు. క్రిటాలో వ్రాప్ ఎరౌండ్ అను పద్ధతి కలదు. ఒక బుటా గీసిన అది నలువైపుల పరచుకొని చూపును. అంచు అతుకు ఎక్కడ తప్పినదో నేయకముందే బయటపడును. ఈ ఒక్క సదుపాయమునకే ఆ సాఫ్టువేరు నేర్చుకొనవచ్చునని మా అభిప్రాయము. ముందటి బొమ్మను పలుచగా అడుగున చూపు ఆనియన్ స్కిన్ కూడ అందులో కలదు. జాకార్డు, డాబీ అట్టలకు గ్రాఫు దించుటకు భారత ప్రభుత్వపు డిజిటల్ ఇండియా కార్పొరేషనువారి డిజిబునాయి వేరుగా ఉన్నది. విండోసు 10కి మామూలు భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి గనుక, పాత యంత్రముగలవారు బ్యాంకు పనులకు దానిని వాడకుండుట మంచిది.

గీయునపుడు ఒక మాట. బుటా 48 పోగులు, 60 పేకలైనచో బొమ్మను సరిగా 48కి 60 చుక్కలుగానే గీయుడు. పెద్దది చేయునపుడు పది రెట్లు, ఇరువది రెట్లు అని నిండు అంకెలతో, చుక్కలను నునుపు చేయు పద్ధతి తీసివేసి పెంచుడు. లేకున్న అంచులు మసకబారును. అంగుళమునకు 60 పోగులు, 48 పేకలు పడు బట్టలో గడి నిలువు పొడుగగును; చూపు బొమ్మలో ఎత్తును ఒకటింబాతిక రెట్లు సాగదీసిననే బట్టలోని రూపము వచ్చును.

కోట్‌పాడ్‌లో మిర్గాన్ నేతవారు తొగరు వేరు రంగుతో నేయు చేప, పీత, శంఖములు మొదటి పాఠమునకు తగిన బొమ్మలు. రంగులు ఎరుపు, గోధుమ, తెలుపు, గడులు స్పష్టము. కోట్‌పాడ్ బట్టకు 2005లో, నియమగిరి డోంగ్రియా కోంధుల కప్డాగండా శాలువకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. సరదాకు గీసి నేర్చుకొనుట ఒకటి. ఆ పేర్లతో మన బట్ట అమ్ముట మరొకటి. రెండవది చేయరాదు.

మొదట చెప్పిన ఇంటిలో తరువాత మరియొక 8 జీబీల పలక వేసినారు. దాని ఖర్చు కార్డు ఖర్చులో చిన్న భాగము. తల్లి అంచులోని చేప ఇప్పుడు పది సెకనులు నిండుగ ఈదుచున్నది. కార్డు మాత్రము పాత చీర గుడ్డలో చుట్టి బీరువాలో ఉన్నది. పవరు సప్లైతో సహా కొనువారెవరైన ఉన్న ఇచ్చివేయుదుమని తండ్రిగారు మాతో అన్నారు.