సంగటి ముద్ద పక్కన ఏ కూర?



"ఏం తింటున్నారమ్మా?" అని వార్డులో అడిగినప్పుడు మాకు తరచుగా వచ్చే జవాబు "అన్నం, చారు" అనో, "సంగటి, ఊరిబిండి" అనో ఉంటుంది. "మరి కూరగాయలు?" అని అడిగితే "తింటాం సిస్టరమ్మా, ఉర్లగడ్డ, టమాటా" అంటారు. హిందూపురం వారైనా, పెనుకొండ వారైనా, ధర్మవరం వారైనా మాట ఇంచుమించు ఇదే. ఆ తిండి చెడ్డదని మేము అనము. రాగి, శనక్కాయ రెండూ మంచివే. అయితే వాటి పక్కన ఉండవలసిన కూర ఉండడం లేదు.

కూరగాయ అంటే ఏమిటి? మొక్కలో ఏ భాగాన్నైనా మనం అన్నానికో సంగటికో తోడుగా వండుకొని గాని పచ్చిగా గాని తింటే అది కూరగాయే. ఏ భాగం తింటున్నామో మన భాషలో పేరే చెప్పేస్తుంది. తోటకూర, మునగాకు అంటే ఆకు. బీరకాయ, బెండకాయ అంటే కాయ. ఎర్రగడ్డ, చేమగడ్డ, గెనుసుగడ్డ అంటే భూమిలో పెరిగేది. కాలీఫ్లవర్, అరటిపువ్వు అంటే పువ్వు. వృక్షశాస్త్రం చదివినవారు మాత్రం టమాటా, వంకాయ, బెండకాయ కూడా పండ్లేనంటారు, ఎందుకంటే అవి పువ్వు నుండి పుట్టి లోపల గింజలు కలిగి ఉంటాయి. ఈ తగాదా అమెరికాలో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అక్కడ దిగుమతి చేసుకొనే కూరగాయలకు సుంకం ఉండేది, పండ్లకు లేదు. భోజనంలో కూరగా తింటారు గనుక టమాటా కూరగాయే అని 1893లో ఆ కోర్టు తీర్పు ఇచ్చింది. మన వంటింటి ఆడవాళ్ళను అడిగినా ఆ తీర్పే వచ్చేది.

టమాటా, ఉర్లగడ్డ, మిరపకాయ మన దేశపు పంటలు కావు. అమెరికా ఖండాల్లో పుట్టి, పోర్చుగీసువారి ఓడల రాకపోకలు మొదలైన తరువాత మన దగ్గరికి వచ్చాయి. 1565లో తళ్ళికోట యుద్ధం జరిగి విజయనగర రాజులు పెనుకొండకు చేరిన రోజుల్లో ఇక్కడి వంట టమాటా, ఉర్లగడ్డ లేని వంటే. ఈ రెండూ లేకపోతే కూరే లేదనుకొనే ఇళ్ళకు ఈ మాట చెబుతుంటాము.

అప్పటికీ ఇప్పటికీ మన నేల సొంతంగా ఇచ్చేవి ఆకులు. వర్షం తక్కువైన ఈ ప్రాంతంలో కూడా నాలుగు చినుకులు పడితే చేలగట్లమీద చిర్రాకు, గురుగాకు, చెంచలాకు, పొన్నగంటాకు, పాయలాకు మొలుస్తాయి. శనక్కాయ చేలో కలుపు తీయడానికి పోయిన అమ్మలు కొంగులో ఇంత ఆకు కోసుకొచ్చి, చింతపండు వేసి ఉడికించి ఎనిపి పులగూర చేసేవారు. నాలుగైదు రకాల ఆకు ఒకే కుండలో పడేది. ఇప్పుడు ఆ ఆకుల పేర్లు పాతికేళ్ళ అమ్మాయిలకు తెలియడం లేదు. తెలిసినవారికి ఒక హెచ్చరిక: కలుపు మందు, పురుగు మందు కొట్టిన చేలో ఆకు కోయకండి. చేను మీది కాకపోతే అడిగి కోయండి.

చలికాలంలో అనపకాయలు వస్తాయి. కోస్తా జిల్లాల వారికి ఆనపకాయ అంటే సొరకాయ, మనకేమో చిక్కుడు జాతి గింజలు. అక్కడి నుండి వచ్చిన సిస్టర్లు మొదట తికమక పడుతుంటారు. అనపగింజలను నానబెట్టి, పొట్టు పితికి చేసే పితికిపప్పు సంగటిలోకి ఎంత బాగుంటుందో మీకు చెప్పనక్కరలేదు. అలసంద, చిక్కుడు, అనప గింజల్లో మాంసకృత్తులు ఉంటాయి గనుక మాంసం కొనలేని వారానికి అవి ఆదరువు.

ఇక అసలు సంగతికి వస్తాము. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 58.8 మందికి రక్తహీనత ఉంది. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే రక్తహీనతే. 7 కంటే తగ్గితే ప్రాణానికి ముప్పు. ఆకుకూరల్లో ఇనుము, ఫోలేట్ ఉన్నాయి. కాని ఆకులోని ఇనుమును మన ఒళ్ళు అంత సులభంగా తీసుకోదు. పప్పులో ఒక నిమ్మచెక్క పిండుకున్నా, పక్కన ఒక జామకాయ తిన్నా ఎక్కువ ఒంటబడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుము చాలావరకు వృథా అవుతుంది. మగ్గం గుంతలో కూర్చున్న ధర్మవరం అక్కలకు టీ లేనిదే పొద్దుపోదని మాకు తెలుసు. మానమని చెప్పడం లేదు, తిండికీ టీకీ మధ్య ఒక గంట ఎడం ఉంచమంటున్నాము. ఇంకొక మాట. రక్తం బాగా తగ్గినవారికి ఆకుకూర ఒక్కటే చాలదు. ఐరన్ మాత్రలు గర్భంతో ఉన్నప్పుడు 180 రోజులు, కాన్పు తరువాత 180 రోజులు వేసుకోవాలి.

ఆ కాన్పు తరువాతే మాకు పెద్ద చిక్కు వచ్చిపడుతుంది. అప్పుడే రక్తం పోయి నీరసించిన తల్లికి ఇంటి నుండి క్యారియర్ వస్తుంది. తెరిస్తే అన్నం, తెల్లగడ్డ కారం, ఒక చుక్క నెయ్యి. నీళ్ళు కూడా లెక్కపెట్టి ఇస్తారు. వంకాయ వాతమట, గుమ్మడికాయ చలువట, ఆకుకూర తింటే బిడ్డకు విరేచనాలట. "మేమంతా ఇట్లే తిని బతకలేదా సిస్టరమ్మా?" అని పెద్దమ్మలు అడుగుతారు. వారు కోడలి మేలు కోరే చెబుతున్నారు గనుక మేము కసరుకోము. "పెద్దమ్మా, తెల్లగడ్డ పెట్టండి, నెయ్యీ పెట్టండి. దాంతోపాటు పలుచగా ఆకుకూర పప్పు, సొరకాయ కూర కూడా పెట్టండి. పాలు ఇచ్చే తల్లి ఇద్దరి కోసం తినాలి కదా" అంటాము. బాలింతకు పనికిరాని కూరగాయ అంటూ ఏదీ లేదు. ఏదైనా తింటే ఆమెకే దద్దుర్లో కడుపునొప్పో వస్తే అది మానితే చాలు. పథ్యం పేరుతో నెలల తరబడి కూర లేకుండా ఉన్న తల్లి, రెండో కాన్పుకు వచ్చేటప్పటికి మొదటి కాన్పు కంటే పాలిపోయి వస్తుంది. ఇది మేము చాలాసార్లు చూశాము.

ఎంత తినాలి? రోజుకు కూరగాయలు, పండ్లు కలిపి కనీసం 400 గ్రాములని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనలో పెద్దవారికి కూరగాయలే 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు అని ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఉర్లగడ్డ, గెనుసుగడ్డ చేరవు. అవి అన్నం, సంగటి వరుసలోవి. షుగర్ ఉన్నవారు అన్నంలో ఉర్లగడ్డ కూర కలుపుకుంటే అన్నంలో అన్నం కలుపుకున్నట్టే.

"అంత కొనడానికి డబ్బులెక్కడివి?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. 2023 జూలైలో టమాటా కిలో వంద రూపాయలు దాటింది. మరో సంవత్సరం ధర లేక రైతు రోడ్డు పక్కన పారబోస్తాడు. ఏది చౌకగా ఉంటే ఆ వారం అది తినండి. పులుపుకు చింతపండు ఉండనే ఉంది. మన హిందూపురం మార్కెట్టే దానికి పేరు. స్నానాల గది నీళ్ళు పారే చోట ఒక మునగ కొమ్మ నాటండి. కాయ అందరూ వండుతారు, ఆకును మేకకు వేస్తారు. ఆ ఆకు పిడికెడు పప్పులో వేస్తే ఇంటిల్లిపాదికీ మేలు. ఇంటి కప్పుమీదికి ఒక సొరపాదో గుమ్మడిపాదో పాకించండి. కోతకాల పండుగకు మందిరానికి తెచ్చే గుమ్మడికాయలు వేలంలో ఎంత ధర పలుకుతాయో అందరం చూస్తున్నదే. వేలంలో పాడుకున్న కాయను అటకమీద పెట్టకుండా ఆ వారమే వండుకోండి.

కోసే ముందే కడగండి. కోసిన తరువాత నీళ్ళలో నానబెడితే విటమిన్లు నీళ్ళలోకి పోతాయి. ఉడికిన నీళ్ళు పారబోయక చారులో కలపండి. మన సరిహద్దు ఊళ్ళలో చేసే బస్సారు ఆ నీళ్ళతోనే గదా!

కొందరు మాత్రం మమ్మల్ని అడిగి తినాలి. గుండె కవాటం ఆపరేషన్ అయి రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర వేసుకొనేవారు ఆకుకూరలను ఒక వారం విపరీతంగా, ఒక వారం అసలే లేకుండా తినకూడదు. రోజూ ఒకే కొలతలో తినాలి. కిడ్నీలో ఆక్సలేట్ రాళ్ళు వచ్చినవారు పాలకూర తగ్గించాలి. కిడ్నీలు దెబ్బతిని రక్తంలో పొటాషియం పెరిగినవారికి వంట పద్ధతే వేరు. కూరగాయలు చిన్న ముక్కలుగా కోసి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు వంపేయాలి. మిగతా అందరికీ పారబోయవద్దని చెప్పే మేమే వీరికి పారబోయమంటాము. వార్డులో పక్క మంచం వారికి చెప్పిన మాట విని ఇంటికి వెళ్ళి అదే పాటించకండి. మీ రిపోర్టు తీసుకొని ఓ.పి.లో సిస్టర్ దగ్గరికి రండి, మీకు తగిన కూరల పట్టిక రాసి ఇస్తాము.