కూర్పు పిడి : తరిమెనపై కొలతకు పరీక్ష

గడ్డము గీసికొనువేళ నురుగు పట్టించు కుంచెకు రెండు భాగము లుండును: వెండ్రుకల కుచ్చు, దానిని ధరించు పిడి. ఈ పిడిని ఒకే కర్రతుండు నుండి తరిమెన పట్టవచ్చును. లేదా, వేర్వేరు రంగుల చిన్న ముక్కలను వలయములుగా నతికి, ఆ వలయముల నొకదానిపై నొకటి పేర్చి, పిదప తరిమెన పట్టవచ్చును. ఈ రెండవదానిని కూర్పు పిడి యనవచ్చును. చూపునకిది అలంకారమే, కాని దినదినము వేడినీటను సబ్బునురుగునను తడియు వస్తువులో ఇన్ని అతుకులు నిలుచుట యెట్లు? ఈ వ్యాసమునకు అదియే విషయము.

ఈ పనికి కోలారు బంగారు గనుల సీమ తగిన తావు. 1880లో జాన్ టెయిలర్ కంపెనీ చేపట్టిన ఈ గనులకు, 1902లోనే కావేరిపైనున్న శివనసముద్రము నుండి సుమారు 147 కిలోమీటర్ల దూరము తీగెలపై విద్యుత్తు వచ్చెను. గనుల యంత్రములను బాగుచేయు కర్మశాలలలో లేతుపై లోహమును సూక్ష్మమైన కొలతతో చెక్కు నేర్పు తరతరములుగా పెరిగెను. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడెను. అప్పటినుండి ఈ ఊరివా రనేకులు తెల్లవారకమునుపే రైలెక్కి బెంగుళూరునకు పనికి పోవుచున్నారు. కొలత నెరిగిన చేతికి ఊరనే పని దొరకుట యిచట చిన్న విషయము కాదు.

కలప నేర్పునకు మార్గదర్శకులును కలరు. మైసూరు దారిలోని చన్నపట్నమునను, ఆంధ్రదేశమున వరాహనది యొడ్డునున్న ఏటికొప్పాకయందును, తెల్లని మెత్తని అంకుడు కర్రతోనే బొమ్మలు చేయుదురు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించెను. పూర్వము ఒకరు త్రాడులాగి కర్రను త్రిప్పుచుండగా మరియొకరు ఉలి పట్టెడివారు. పిమ్మట విద్యుత్తు మోటారు వచ్చెను. తిరుగుచున్న కర్రకు రంగు లక్కను అదిమిపట్టగా, రాపిడి వేడికి లక్క కరిగి పూతయగును.

అయితే ఈ పూతను కుంచె పిడికి యథాతథముగా వాడరాదు. లక్క వేడికి మెత్తబడును. సబ్బులోని క్షారమునకు కరగును. బొమ్మకు ఆభరణమైనది పిడికి లోపమగును.

ఇక కూర్పు సంగతి. ఎనిమిది ముక్కలతో వలయము చేయుటకు వృత్తములోని 360 డిగ్రీలను పదునారు కోతలకు పంచవలెను. ఒక్కొక్క కోత 22.5 డిగ్రీలు. పండ్రెండు ముక్కలైనచో 15 డిగ్రీలు. పిడి వ్యాసము చెక్కుడుకు ముందు 42 మిల్లీమీటర్లు కావలెనన్న, ఎనిమిదింటిలో ఒక్కొక్క ముక్క వెలుపలి పొడవు 17.4 మిల్లీమీటర్లుండవలెను. ప్రతి కోతలో అర డిగ్రీ తప్పినను, పదునారు కోతలకు ఎనిమిది డిగ్రీల సందు ఏర్పడును. దానిని జిగురుతో పూడ్చి కప్పిపుచ్చుట తగదు. నీరు మొదట ప్రవేశించునది అచటనే. కనుక వలయము నొకేసారి మూయక, నాలుగేసి ముక్కలతో రెండు అర్ధవలయములు చేసి, చదునైన పలకపై పరచిన గరుకు కాగితముమీద వాని కొనలను రాచి, పిదప కలుపవలెను. కూడుకొనిన దోషమంతయు నిట్లు తొలగును.

కలప నార పొడవున దాదాపు కుదియదు. అడ్డముగా కుదియును, ఉబ్బును. అందుచేత ముక్కలన్నిటి నారయు వలయము చుట్టును సాగునట్లు అమర్చవలెను. ఇటుకల గోడయందువలె పై వలయపు అతుకు క్రింది ముక్క నడుమకు రావలెను. తెల్లని అంకుడు, పసుపువన్నె పనస, నల్లని ఇరుగుడు చక్కగా పొసగును. ఏ కర్రయైనను నూటికి 12 పాళ్లకు మించి తేమ లేకుండ ఆరవలెను. పచ్చికర్రతో చేసిన కూర్పు కోలారు వేసవిగాలికి విచ్చిపోవును.

వడ్రంగులు వాడుచుండిన వజ్రము, అనగా తోళ్లు ఎముకలు కాచి తీసిన జిగురు, నీటికి కరగును. నీటికి చెడని ఎపాక్సీ జిగురే యిట వలయును. అతికిన పేర్పును ఒక దినము బిగించి ఉంచవలెను.

అటుపై తరిమెన. మూలలు పోవువరకు వేగము తక్కువగా నుంచి, దోనె నోరు గల వాడియులితో పలుచగా చెక్కవలెను. మొద్దుయులి అతుకులను పెకలించును. ఎగిరిన ముక్క కన్ను తీయగలదు గాన ముఖకవచము తప్పనిసరి. పైకొనయందు కుచ్చుకన్న అర మిల్లీమీటరు వెడల్పైన గుంట తొలిచి, దాని లోపలివైపు సైతము ఎపాక్సీ పూయవలెను. వెలుపల పూత ఎంత మెరసినను, లోగుంట పచ్చిగా నున్నచో పిడి లోపలినుండియే పగులును.

ఈ పనికి విలువైన ముడిసరుకు అక్కరలేదు. బల్లలు, తలుపులు చేయువారియొద్ద మిగిలిన తుండ్లు చాలును. కావలసినదెల్ల కోణము తప్పని కోత, ఆరిన కర్ర, ఓర్పు. వీనిలో మొదటిది గనుల కర్మశాలలు ఈ సీమకు నేర్పిన విద్యయే. లోహమున నేర్చిన ఆ విద్యను కలపకు మరల్చుట కోలారు యువకులకు యోచింపదగిన మార్గము.